సీలు వేసిన గదికి దారి

రాజోలులో ఒక ఇంటి వీధిగది. మధ్యాహ్నం. బల్ల మీద తెరిచిన ల్యాప్‌టాప్, పక్కన ముట్టని మజ్జిగ గ్లాసు.

"తుడిచెయ్యమని నేననలేదమ్మా. ఆ మాట మీ నోట వచ్చింది గాని నా నోట రాలేదు."

"మరి మీ నోట వచ్చిన మాట ఏమిటండి?"

"మూసెయ్యమన్నాను. మూసెయ్యడం వేరు, తుడిచెయ్యడం వేరు గదండీ. తలుపు వేసినంత మాత్రాన ఇల్లు కూల్చినట్టా?"

"గంగాధరరావు గారూ, ఆసుపత్రి మేనేజరు మీరు. అది పోలీసులు సీలు వేసిన గది."

"గదికి వేసేరండి. తీగకి వెయ్యలేదు."

"ఈ మాట మీకెవరు నేర్పేరు?"

"నేర్పేదేముందండి, కంటికి కనబడుతున్నదే. తాళానికి గుడ్డ చుట్టేరు, లక్క పోసేరు, పెద్దమనుషుల చేత సంతకాలు పెట్టించేరు. వరండాలో కుర్చీ వేసి ఒక కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టేరు. ఆ గుడ్డ మేమెవరం ముట్టుకోలేదు, ముట్టుకోము. కాని లోపల మిషన్లు ఆపలేదండి. అవి ఆగితే ఆసుపత్రి ఆగిపోతుందని డాక్టరు గారు బతిమాలుకున్నారు. మీరు ఇక్కడ మీ ఇంట్లో, మీ కుర్చీలో కూర్చుని, రోజూ చేసే పనే..."

"రోజూ నేను చేసేది లోపల అన్నీ సవ్యంగా ఉన్నాయో లేదో చూడడం. మీ ఆసుపత్రి మా కంపెనీకి అప్పగించిన పని అదొక్కటే."

"ఇవాళ కూడా చూడండి. చూసి, ఒక్క తలుపు వెయ్యండి. సాయంత్రం కోర్టు పంపిన నిపుణుడు వస్తాడు. సీలు తీస్తాడు, కెమెరా బొమ్మలు చూపించమంటాడు. డిస్కులు అందడం లేదని కంప్యూటర్ చెబుతుంది. చెడిపోయేయని రాసుకుని వెళ్ళిపోతాడు."

"తరవాత?"

"తరవాత సంగతి తరవాతండి."

"తరవాత చెడిపోయిన డిస్కులని చెప్పి మార్పిస్తారు. పాతవి ఏ కాలవలోనో పడతాయి. వాటితోపాటు మీ ఆసుపత్రిలో వెంకటదుర్గ చచ్చిపోయిన రాత్రి కూడా అందులోనే పడుతుంది."

"మజ్జిగ బాగుందండి."

"మీరింకా తాగలేదు."

"ఆయ్. తాగుతాను."

"అమ్మ ఇంట్లో ఉంటే కాఫీ ఇచ్చేది. నాకు ఇవాళ స్టవ్ వెలిగించాలనిపించలేదు."

"అమ్మగారు ఆసుపత్రిలో మీ నాన్నగారి దగ్గరే ఉన్నారు గదండీ. పొద్దున్న నేనే వెళ్ళి పలకరించేను. ఆపరేషన్ చేసిన కాలు బాగానే అతుక్కుంటోందట. ఏసుదాసు మాస్టారంటే ఓర్పుకి పెట్టింది పేరు. మా ఊళ్ళో సగం మంది ఆయన దగ్గరే లెక్కలు నేర్చుకున్నారు."

"మీరు నేర్చుకోలేదు."

"మా నాన్న పంపలేదండి."

"ఎందుకు పంపలేదు?"

"పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా. ఆయనకి మంచి గది ఇచ్చేము, అది చాలదా?"

"ఏ గది? నాన్న జనరల్ వార్డులో ఉన్నాడు."

"పొద్దున్న మార్చేరండి. పై అంతస్తులో, మూలగది. ఎవరి రొదా ఉండదు. చల్లగా ఉంటుంది."

"మాకు చెప్పకుండానా?"

"అమ్మగారు టిఫినుకి కిందికి దిగినప్పుడు మార్చేరు. ఇన్ఫెక్షన్ వస్తుందని ఆవిణ్ణి గది బయట బెంచీ మీద కూర్చోమన్నారు."

"ఎవరన్నారు?"

"డాక్టరు గారండి."

"ఆ గదిలో కెమెరా ఉందా?"

"మంచి గాలి వస్తుందండి."

"గంగాధరరావు గారూ, ఆ గదిలో కెమెరా ఉందా అని అడిగేను."

"ఆ ఒక్క గదిలో లేదండి."

"నేను అమ్మకి ఫోన్ చేస్తాను."

"చెయ్యండి, చెయ్యండి. వద్దన్నానా?"

"అమ్మా. నాన్నని చూసేవా? ... ఎప్పటి నుంచి? ... తలుపు దగ్గర ఎవరున్నారు? ... కాదమ్మా, గొడవ పడకు. అక్కడే కూర్చో. మంచినీళ్ళకి కూడా లేవకు. ... ఏమీ లేదు. ఊరికే చేసేను. ... నా గొంతు బాగానే ఉంది."

"చూసేరా, క్షేమంగానే ఉన్నారు."

"ఆవిడ క్షేమంగా ఉంది. నాన్న సంగతి ఆవిడకే తెలియదు."

"మీరు ఆ మిషన్‌కి లైను కలిపి, ఆ తలుపు వేసేస్తే, సాయంత్రం కాఫీ వేళకి మాస్టారిని నేనే కారులో తీసుకొచ్చి ఈ గుమ్మంలో దింపుతానమ్మా. డాక్టరు గారు మాటిచ్చేరు."

"వెయ్యకపోతే?"

"అలా ఎందుకనుకోవాలండి? మంచి మాట మాట్లాడుకుందాం."

"మీరు ఇంత మర్యాదగా మాట్లాడుతుంటే నాకు ఇంకా భయం వేస్తోంది. తిట్టినా బాగుండేది."

"నాకు తిట్టడం రాదండి. లైను కలపండమ్మా. ఊరికే చూడండి. చూడడం తప్పా?"

"ఇవాళ చూడడం కూడా తప్పేనేమో. సీలు వేసేక ఎక్కడి నుంచి వెళ్ళినా లోపలికి వెళ్ళినట్టే."

"పై గదిలో మాస్టారు ఒక్కరే ఉన్నారు."

"తెలుసు. మళ్ళీ చెప్పనక్కర్లేదు. కలుపుతున్నాను."

"ఈ నల్ల తెరేంటండి? బొమ్మలేవీ లేవేంటి?"

"దీంట్లో బొమ్మలుండవు. మనం ఒక మాట టైపు చేస్తే అది ఒక మాట చెబుతుంది. అడిగితే చెబుతుంది, అడక్కపోతే ఊరుకుంటుంది."

"మనుషులు కూడా అలా ఉంటే ఎంత బాగుండునండి."

"మీ ఆసుపత్రిలో మనుషులు అలాగే ఉన్నారు గదండీ. అందుకే కోర్టు దాకా వెళ్ళింది. అటు తిరగండి. పాస్‌వర్డ్ కొట్టాలి."

"కొట్టండి. నాకు తెలిసిందే గదా."

"ఏమన్నారు?"

"పోయిన గాలివానకి మీ ఇంట్లో నెట్టు పోయిన రోజున మీరే ఫోనులో చెప్పేరు గదమ్మా. నా బల్ల మీంచి చూడమని."

"చెప్పేను. అది ఎవరికీ చెప్పకూడని మాట. పెద్దవారు, అన్నిసార్లు అండీ అండీ అని అడుగుతుంటే లేదనలేకపోయేను. తరవాత మార్చుదామనుకున్నాను. మార్చితే గంగాధరరావు గారు తనని నమ్మలేదనుకుంటారేమోనని అదీ మానేసేను."

"నమ్మేరు. అది మంచిదే గదండీ."

"మీరు ఆ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పేరా?"

"నేనా? ఎవరికి చెబుతానండి. ... సూర్యతేజ బాబు గారు ఒకసారి అడిగేరు. డాక్టరు గారి అబ్బాయి, రేపు ఆసుపత్రి ఆయనదే. ఎలా లేదంటాను?"

"మీరూ లేదనలేకపోయేరు."

"ఆయ్."

"లోపలికి వచ్చేము. ఉండండి. ముందు తలుపులన్నీ ఒక్కసారి చూడనివ్వండి."

"ఆ తలుపులంటే ఏంటో నాకు తెలిసేలా చెప్పండమ్మా. డాక్టరు గారు అడిగితే నేను చెప్పాలి."

"కెమెరా బొమ్మలన్నీ దాచుకునే డిస్కులు ఒక బీరువాలో ఉన్నాయి. వాటిని చూపించే కంప్యూటర్ ఇంకోచోట ఉంది. రెండింటికీ మధ్య ఉన్న పెట్టెని స్విచ్ అంటాం. మన కాలవ మీద లాకు ఉన్నట్టే. తలుపు తెరిస్తే పారుతుంది, వేస్తే ఆగుతుంది. డిస్కుల్లో ఉన్నది డిస్కుల్లోనే ఉంటుంది గాని ఇవతలి వాళ్ళకి అందదు."

"అదే గదా నేనన్నది. ఎవరికీ నష్టం లేదు."

"ఇలాంటి పెట్టెలు రెండుంటాయి. ఒక కాలవకి గండి పడితే రెండో కాలవలో నీళ్ళు పారాలి గదా, అలాగ."

"రెండా? డాక్టరు గారు ఒక్క తలుపే అన్నారే."

"ఒక్కటే అన్నారా?"

"ఒక్క తలుపు మిగిలింది, అది వేయించుకు రా అన్నారు."

"మిగిలింది అన్నారా? ఆ మాటే అన్నారా?"

"అన్నారు. నేను పట్టించుకోలేదు. ఏమ్మా, ఏమయింది? మొహం అలా అయిపోయిందేంటి?"

"మొదటి పెట్టెలో ఆ తలుపు వేసే ఉందండి."

"వేసే ఉంటే మంచిదే గదా. పని సగం అయిపోయినట్టే."

"నేను వెయ్యలేదు. నిన్న సాయంత్రం గదికి సీలు వేసేముందు చూసినప్పుడు తెరిచే ఉంది. సీలు వేసేకే ఇది పడింది."

"కరెంటు పోయి అదే పడిపోయిందేమో."

"కరెంటు పోతే ఇలా పడదు. ఒకరు కమాండ్ ఇస్తేనే పడుతుంది. ఆగండి. ఇప్పుడు లోపల ఎవరెవరున్నారో అడుగుతున్నాను."

"ఎవరుంటారు? మనమే ఉన్నాం. మనమే గదమ్మా?"

"రెండు పేర్లు చూపిస్తోంది."

"రెండోది ఎవరిది?"

"నాదే."

"అదేంటండి, ఒక మనిషి రెండుసార్లు ఉంటుందా?"

"ఒకటి ఈ కుర్చీలో ఉన్న నేను. ఇంకొకరెవరో నా పేరుతో లోపల ఉన్నారు. ఇప్పుడు. మనం మాట్లాడుకుంటుండగా."

"ల్యాప్‌టాప్ మూసెయ్యండి. మూసెయ్యండమ్మా, నాకు భయంగా ఉంది."

"మూస్తే అతను పోడు. మనకి కనబడడు, అంతే."

"మనం ఉన్నామని అతనికి తెలుస్తుందా?"

"అడిగితే తెలుస్తుంది. అడగడం తెలిసినవాడైతే."

"ఎక్కడి నుంచి వచ్చేడో తెలియదా?"

"పక్కనే ఉంది. ఈ స్విచ్ రెండే చోట్ల నుంచి మనుషుల్ని రానిస్తుందండి. ఒకటి ఈ ఇల్లు."

"రెండోది?"

"మీరు పోయిన ఏడాది మా కంపెనీని అడిగి పెట్టించుకున్నది."

"నేనా? నేనేం పెట్టించుకున్నాను?"

"మీ బల్ల."

"ఊరుకోండి."

"మీ గదిలో, మీ బల్ల మీద ఉన్న కంప్యూటర్."

"ఊరుకోండమ్మా. నా గదికి నేనే తాళం వేసి వచ్చేను. తాళంచెవి ఇదిగో. చూడండి. నా జేబులోనే ఉంది."

"ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ఉంటుంది. అన్ని గదులవీ డాక్టరు గారి దగ్గర ఉంటాయి."

"సూర్యతేజ గారు కంప్యూటర్ల చదువు చదివేరు గదా."

"చదివేరు. ... అయ్యో, ఫోను. డాక్టరు గారే. ఏమనాలి?"

"నాకేం తెలుసు? మీ డాక్టరు గారు."

"ఆయ్, నమస్కారమండి. ... కలిపేరండి. చూస్తున్నారు. ... ఆయ్. ... చెప్పేనండి, మాస్టారి సంగతి కూడా చెప్పేను. ... ఆయ్. ... బాబు గారు ఎక్కడున్నారండి? ... లేదండి, ఊరికే అడిగేను. ... ఆయ్, ఆయ్. పడుకున్నారా. ఇంటి దగ్గరేనా. ... నా దగ్గరే ఉందండి. ... భద్రంగానే ఉంది. ... ఆయ్."

"ఏమన్నారు?"

"బాబు ఇంట్లో పడుకుని నిద్రపోతున్నాడన్నారు."

"ఇంకా? భద్రంగా ఉందన్నారు. ఏమిటది?"

"నా గది తాళంచెవి నా దగ్గరే ఉందా, ఎవరికైనా ఇచ్చేనా అని అడిగేరండి. పాతికమంది ఎదుట అడిగినట్టు గట్టిగా అడిగేరు. పక్కన ఎవరో ఉన్నారేమో కూడా."

"సాక్షి ఉండి ఉంటాడు."

"నా మీద ఆయనకి సాక్షి ఎందుకమ్మా? నేను వాళ్ళ ఇంటి మనిషిని. బాబు పుట్టినప్పుడు మురమళ్ళ గుడిలో నా చేత్తో పూజ చేయించేను."

"కూర్చోండి. ఆ మజ్జిగ తాగండి ముందు."

"నా బల్ల. నా తాళం."

"నా పేరు. ఈ మధ్యాహ్నం మీరు అరటిపళ్ళు పట్టుకుని నా ఇంటికి వచ్చేరు. వీధివీధంతా చూసేరు. రేపు ఎవరైనా అడిగితే ఏమనుకుంటారు?"

"మేనేజరు ఇంజనీరుని లొంగదీసుకున్నాడనుకుంటారు."

"లేకపోతే ఇంజనీరు మేనేజరుకి అమ్ముడుపోయిందనుకుంటారు. డాక్టరు గారికి ఏదైనా ఒకటే. ఆయన కొడుకు నిద్రపోతున్నాడు గదా."

"మరి సగం పని వాళ్ళే చేసుకుంటే నన్ను మీ దగ్గరికి ఎందుకు పంపేరు?"

"రెండో పెట్టె కోసం. వేసవిలో పిడుగు పడి పాతది పోయింది, గుర్తుందా? కొత్తది పెట్టినప్పుడు దానికి కొత్త పాస్‌వర్డ్ పెట్టేను. అది నేను ఎవరికీ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు, అందుకని."

"అంటే రెండో కాలవ ఇంకా పారుతోంది."

"పారుతోంది. ఆ రాత్రి బొమ్మలన్నీ ఇంకా అందుతున్నాయి. చూడండి, తెర మీద ఈ పక్కన తెరిచింది రెండో పెట్టె. ... అయ్యో దేవా."

"ఏంటమ్మా? ఏంటది?"

"తలుపు తడుతున్నాడు."

"ఎవరు?"

"మీ బల్ల దగ్గర ఉన్నతను. రెండో పెట్టెలోకి రావడానికి పాస్‌వర్డ్ కొడుతున్నాడు. తప్పు. ... మళ్ళీ తప్పు. ... మళ్ళీ."

"ఏ మాట కొడుతున్నాడో కనబడుతుందా?"

"కనబడదు. తప్పని మాత్రం కనబడుతుంది. నా గురించి తెలిసినవన్నీ కొడుతూ ఉంటాడు. నాన్న పేరు, నా పుట్టినరోజు, మా చర్చి పేరు. అవన్నీ ఆసుపత్రి కాగితాల్లో ఉన్నాయి గదా."

"దొరుకుతుందా?"

"ఎప్పటికైనా ఒకటి తగలచ్చు. తగలకపోతే మళ్ళీ మీ ఫోను మోగుతుంది."

"మెర్సీ గారూ, ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఎలాగూ బురదలో దిగేం. ఆ రెండోది కూడా మీరే వేసేస్తే, నిపుణుడికి ఏమీ కనబడదు. ఏమీ కనబడకపోతే కేసు ఉండదు. కేసు లేకపోతే నా బల్లని అడిగేవాడుండడు, మీ పేరుని అడిగేవాడుండడు. మాస్టారు ఇంటికి వస్తారు."

"నేనూ అదే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నారా?"

"అనుకోకుండా ఎలా ఉంటాను? నాన్న తలుపేసిన గదిలో ఉన్నాడు. ఒక్క వరస టైపు చేస్తే చాలు. టైపు చేసే ఉంచేను, చూడండి. ఎంటర్ నొక్కడమే తరవాయి. ఒకటి చెప్పండి. ఆ రాత్రి బొమ్మ మీరు చూసేరా?"

"నాకెందుకండి అవి."

"చూసేరా?"

"సీలు పడకముందు డాక్టరు గారు పెట్టమంటే పెట్టేను. పక్కన నిలబడ్డాను."

"డాక్టరు గారు రెండుసార్లు వచ్చి చూసేరని కేసు షీట్లో ఉంది. వెంకటదుర్గ భర్త గంగబాబుకి మీరు చెప్పింది కూడా అదే."

"చెప్పమన్నారు, చెప్పేను."

"వచ్చేరా? ఒక్కసారైనా వచ్చేరా?"

"ఎవరూ రాలేదండి. బెల్లు చాలాసేపు నొక్కింది. అది పని చెయ్యదు, వైరు తెగి ఎన్నాళ్ళో అయింది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. ఇంక నొక్కలేక..."

"చెప్పండి."

"కెమెరా వైపు చూసి చెయ్యి ఊపిందండి. ఇలాగ. బస్సు ఆపినట్టు. అవతల ఎవరో కూర్చుని చూస్తున్నారనుకుంది పాపం. మళ్ళీ ఊపింది. చెయ్యి కింద పడిపోతే రెండో చేత్తో ఎత్తి పట్టుకుని ఊపింది. డాక్టరు గారు ముందుకి జరిపెయ్యమన్నారు. జరిపేను. ఇంక ఊపడం లేదు. మెర్సీ గారూ, అలా చూడకండి."

"ఇప్పుడు అవతల మనమే కూర్చున్నామండి."

"ఏం చేస్తున్నారు? ఆ వరస చెరిపేస్తున్నారేంటి?"

"చెరిపేసేను. వెయ్యను. మొదటి పెట్టెలో అతను వేసిన తలుపు కూడా తియ్యను. అతన్ని బయటికి గెంటను. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. నేను మంచికి ముట్టుకున్నా అక్కడ నా చెయ్యి పడుతుంది, తరవాత ఏది అతని చెయ్యో ఏది నా చెయ్యో ఎవరూ తేల్చలేరు."

"మరి నాన్నగారు?"

"అడగకండి. అడిగితే మళ్ళీ ఆ వరస టైపు చేసేస్తాను."

"మళ్ళీ ఫోను. ఆయనే. ... ఆయ్, చెప్పండి. ... ఇంకా లేదండి. ... ఆయ్. ... రాసి ఇచ్చినా చాలంటారా. ... ఆయ్, అడుగుతాను. ... లేదండి, తొందరగానే. మాస్టారికి ఏదో ఇంజక్షన్ అంటున్నారేంటి? ... ఆయ్. ... ఆయ్, ఆయ్."

"ఏ ఇంజక్షన్?"

"నిద్రకట. ... మీరు నొక్కనక్కర్లేదట. రెండో దాని పాస్‌వర్డ్ చెబితే చాలునట."

"రెండోదానికి వేరే పాస్‌వర్డ్ ఉందని నేను మీకు ఇందాకే చెప్పేను. మీరు ఆయనకి చెప్పేరా?"

"ఎప్పుడు చెప్పేను? మీ ఎదుటే ఉన్నాను గదా."

"మరి ఆయనకి ఎలా తెలిసింది?"

"తప్పులు కొడుతున్నవాడే చెప్పి ఉంటాడండి."

"ఎవరో ఒకరు ఇప్పుడే పోలీసులకి చెప్పాలి, అతను ఆ బల్ల దగ్గర ఉండగానే. నేను చెబితే ఎవరు నమ్ముతారు? అక్కడున్నది నా పేరు. కుర్చీ మీది, గది మీది. మీరు చెబితేనే మాట."

"నేనా? నాకు ఇద్దరు ఆడపిల్లలండి. ఇంటి అద్దె కూడా ఆసుపత్రే కడుతుంది. నా పెళ్ళి డాక్టరు గారి నాన్నగారు చేయించేరు."

"నాకు ఒక్కడే నాన్న. మీరు నా వైపు చూడడం లేదు."

"ఆలోచించుకోనివ్వండి. ఒక్క క్షణం. ఒక్క క్షణం ఆగండి."

"ఎవరికి చేస్తున్నారు?"

"మాట్లాడకండి. ... సిస్టరు విజయదుర్గా, మేనేజర్ని. పై మూలగదిలో మాస్టారున్నారు గదా. ఇంజక్షన్ ఇచ్చేవా? ... ఇవ్వకు. నా మాటగా ఇవ్వకు. ఎక్స్‌రేకి బయటికి పంపాలి, అంబులెన్స్ ఎక్కించు. భార్యని కూడా పక్కన కూర్చోబెట్టు. ... డాక్టరు గారి ఆర్డరే. ... డ్రైవరు కనకరాజుకి చెప్పు, నేరుగా రాజోలు తీసుకొచ్చెయ్యాలి. గేటు దగ్గర ఎవరైనా ఆపితే నాకు ఫోన్ చెయ్యమను. ... ఇప్పుడే, విజయదుర్గా. తింటున్న అన్నం వదిలేసి వెళ్ళు."

"గంగాధరరావు గారూ..."

"ఇంకా అయిపోలేదండి. కూర్చోండి. ... ఆయ్, డాక్టరు గారూ. నమస్కారమండి. ఒప్పుకుందండి. ... ఆయ్, పాస్‌వర్డ్ చెబుతానంటోంది."

"నేను చెప్పను. నేనలా అనలేదు. ఏం చేస్తున్నారు మీరు?"

"పక్కన ఏడుస్తోందండి, పట్టించుకోకండి. ... కాని చాలా పొడుగుందట. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, మధ్యలో అంకెలు. ఒక్కొక్కటే చెప్పాలి, నేను కాగితం మీద రాసుకుని చదువుతాను. ... ఆయ్. నా గదిలో ఎవరైనా ఉంటే వాళ్ళని అక్కడే ఉండమనండి. నాకేం అభ్యంతరమండి, మీ ఆసుపత్రి, మీ కుర్చీ. ... ఇంకో తప్పు కొడితే పెట్టె మొత్తం బిగిసిపోతుందట, ఇంక ఏమీ కొట్టొద్దనండి. చేతులు ముడుచుకుని కూర్చోమనండి. ... ఆయ్. నేను ఫోన్ చేసేదాకా లేవొద్దనండి."

"బిగిసిపోతుందని నేను చెప్పలేదు."

"నేను చెప్పేను. తట్టడం ఆపేడా చూడండి."

"... ఆపేడు. ఇంకా లోపలే ఉన్నాడు. కదలడం లేదు."

"సీలు వేసిన సీఐ గారి నెంబరు నా ఫోనులో ఉందమ్మా, మీరు నొక్కి పెట్టండి."

"మోగుతోంది. మాట్లాడండి."

"సీఐ గారండీ, నమస్కారమండి. ఆసుపత్రి మేనేజరు గంగాధరరావునండి. మీరు సీలు వేసిన గదిలోకి మనిషి వెళ్ళేడండి. ... లేదండి, సీలు అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నా బల్ల మీంచి వెళ్ళేడు. ఇక్కడి నుంచి మేం కూడా ఒకసారి తొంగిచూసేం, ఈ అమ్మాయిని బెదిరించి కలిపించింది నేనే, అది కూడా రాసుకోండి. వరండాలో ఉన్న మీ కానిస్టేబుల్‌ని నా గదికి వెళ్ళమనండి. ... పారిపోడండి. ఇప్పుడే నేనే కూర్చోబెట్టేను."